ఆకలి తగ్గించే ఇంజెక్షన్ ఆపాక బరువు నిలబెట్టుకున్నవాళ్ళు ఉన్నారా?

వనస్థలిపురం_వాణి
వారానికోసారి పొట్టకి వేసుకునే టిర్జెపటైడ్ ఆపేశాక కూడా బరువు పెరగకుండా ఉన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? డైట్ చార్టులు నా దగ్గర చాలా ఉన్నాయి. ముందు ఇది సాధ్యమా కాదా అన్నది తెలియాలి.

నా వయసు 43. బీపీ, ఫ్యాటీ లివర్ ఉన్నాయి, షుగర్ బోర్డర్‌లో ఉంది. అందుకని డాక్టరే మొదలుపెట్టించారు. 91 కిలోల నుంచి 74కి దిగాను. బీపీ మాత్ర డోసు తగ్గించారు. మోకాళ్ళ నొప్పులు పోయి, మూడో అంతస్తుకి ఆయాసం లేకుండా ఎక్కేదాన్ని. పాప ఇంటర్ ఫీజు, ఇంటి ఈఎంఐ, ఈ మందు ఖర్చు మూడూ కలిసి మోయలేక వేసవిలో ఆపేశాం. మొదట రెండు మూడు వారాలు తేడా తెలియలేదు. తర్వాత మొదలైంది. అన్నం తిని కంచం కడుగుతూనే సాయంత్రం ఏం తినాలా అని ఆలోచన. పాప వదిలేసిన పెరుగన్నం వైపు ఇదివరకు చూసేదాన్నే కాదు, ఇప్పుడు సింకు దగ్గర నిలబడే తినేస్తున్నాను. బరువు 79కి వచ్చింది. రోజూ వాకింగ్ చేస్తున్నా, టీలో పంచదార మానేసినా ముల్లు ఆగడం లేదు.

పైగా మొన్న గృహప్రవేశంలో మా ఆడపడుచు అందరి ముందూ "సూదితో పోయింది సూది ఆపితే రాదా వదినా" అంది. ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర లేదు.

బొబ్బిలి_బుల్లోడు
నేను ఇలాంటిదే ఇంకో ఇంజెక్షన్, సెమాగ్లూటైడ్ ఆపాను. తగ్గిందంతా తిరిగొచ్చింది. నైట్ షిఫ్ట్ ఉద్యోగం, తెల్లవారుజామున క్యాంటీన్‌లో వేడివేడి పూరీలు. ఎవరైనా నిలబెట్టుకున్నవాళ్ళు చెబితే నేనూ వింటాను అక్కా.

లెక్కల_మాస్టారు
వాణి గారి ప్రశ్నకి అంకెల్లో జవాబుంది. టిర్జెపటైడ్ మీద సర్మౌంట్-4 అనే ట్రయల్ జరిగింది. అందరికీ 36 వారాలు మందిచ్చారు, సగటున 20.9 శాతం బరువు తగ్గారు. అక్కడి నుంచి సగం మందికి మందు కొనసాగించి, మిగతా సగం మందికి తెలియకుండా మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మందు ఆగినవాళ్ళు సగటున 14 శాతం పెరిగారు. కొనసాగించినవాళ్ళు ఇంకో 5.5 శాతం తగ్గారు.

ఇప్పుడు మీరు అడిగింది. మందు ఆగినవాళ్ళలో, తగ్గిన బరువులో కనీసం 80 శాతాన్ని ఏడాది తర్వాత కూడా నిలబెట్టుకున్నవాళ్ళు 16.6 శాతం. ఆరుగురిలో ఒకరన్నమాట. కాబట్టి ఉన్నారు, కానీ తక్కువ మంది. మందు కొనసాగించినవాళ్ళలో అదే లెక్క 89.5 శాతం.

సెమాగ్లూటైడ్ సంగతీ ఇంతే. స్టెప్-1 ట్రయల్‌లో 68 వారాల తర్వాత మందు ఆపి ఏడాది గమనిస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది.

రాగి_సంకటి
ఆ ఒక్కరికి సాధ్యమైంది మిగతా ఐదుగురికి ఎందుకు కాలేదు? నోరు కట్టుకోలేక. కోపం తెచ్చుకోకండి, నేను ఉన్నమాట రాస్తాను. మా అనంతపురం పల్లెల్లో పొద్దున సంకటి, పప్పు తిని చేలోకి పోయినవాళ్ళు ఏ సూదీ లేకుండా డెబ్బై ఏళ్ళకీ సన్నగానే ఉన్నారు. వేలకి వేలు పోసి ఆకలి చంపుకోవడం, ఆపగానే ఏడవడం నాకు అర్థం కాదు.

కాకినాడ_కాజా
సంకటి గారూ, చేలో పొద్దంతా వంగి పనిచేసే మనిషికీ, పొద్దంతా కుర్చీలో కూర్చునే మనిషికీ ఒకే లెక్క ఎలా వేస్తారండీ.

బొబ్బిలి_బుల్లోడు
సంకటిలోకి నాటుకోడి పులుసు ఉందా లేదా అన్నది కూడా రాయండి అన్నా, దాన్ని బట్టి మేం ఎటువైపో తేల్చుకుంటాం.

లెక్కల_మాస్టారు
రాగి_సంకటి గారూ, ఆ ట్రయల్‌లో మందు ఆగినవాళ్ళకి కూడా తిండి తగ్గించుకోమని, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయమని చివరిదాకా చెబుతూనే ఉన్నారు. సలహా అందక పెరిగినవాళ్ళు కాదు. పైగా మొదటి 36 వారాలు పట్టుదలగా తగ్గినవాళ్ళు వీళ్ళే. 37వ వారంలో వీళ్ళ క్రమశిక్షణ ఒక్కసారిగా ఎలా మాయమవుతుంది? మారింది మందు ఒక్కటే.

డాక్టరమ్మ_గుంటూరు
నేను జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తాను. ఇక్కడ రాసేది ఎవరికీ మందుల చీటీ కాదు, మీ డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

మనం తిన్నాక పేగుల్లోంచి కొన్ని హార్మోన్లు విడుదలవుతాయి. ఈ మందులు వాటిలాగే పనిచేస్తాయి. సెమాగ్లూటైడ్ జీఎల్‌పీ-1 అనే హార్మోను చేసే పని చేస్తుంది, టిర్జెపటైడ్ దాంతోపాటు జీఐపీ అనే ఇంకో హార్మోను పని కూడా చేస్తుంది. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మెదడుకి "చాలు" అన్న కబురు గట్టిగా అందుతుంది. ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి సెమాగ్లూటైడ్‌కైతే వారం, టిర్జెపటైడ్‌కైతే సుమారు ఐదు రోజులు పడుతుంది. వాణి గారికి మొదటి వారాల్లో తేడా తెలియకపోవడానికి కారణం అదే. ఆపినా మందు ఇంకా ఉంది. అది పూర్తిగా పోయేసరికి ఆకలి వచ్చింది.

ఇక నోరు కట్టుకోవడం గురించి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఏ మందూ లేకుండా, కేవలం డైట్‌తో బరువు తగ్గినవాళ్ళని ఏడాది తర్వాత పరీక్షించారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అప్పటికీ తక్కువగానే ఉంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది. అంటే సూదితో తగ్గినా, సంకటితో తగ్గినా ఒళ్ళు పాత బరువుకి లాగుతుంది, నొక్కి వదిలిన స్ప్రింగులాగా. అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 2016లో ఒక అంచనా వేసింది: తగ్గిన ఒక్కో కిలోకి ఆకలి రోజుకి సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది, ఒళ్ళు ఖర్చుపెట్టేది 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. 17 కిలోలు తగ్గిన మనిషికి ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో చూడండి. దీన్ని తిండియావ అని తీసిపారేయడం అన్యాయం. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు సగం మంది ఈ మాటలు పడలేకే తిరిగి పెరిగాక చూపించుకోవడానికి రారు. షుగర్ 300 దాటాక వస్తారు.

వాణి గారూ, ఒక్కటి అడుగుతాను. బరువు తగ్గినప్పుడు బీపీ మాత్ర తగ్గించారన్నారు. ఐదు కిలోలు పెరిగాక బీపీ చూపించుకున్నారా?

వనస్థలిపురం_వాణి
లేదు డాక్టర్ గారూ. బరువు మీదే ధ్యాస ఉంది, బీపీ సంగతి ఆలోచించలేదు.

డాక్టరమ్మ_గుంటూరు
అయితే ముందు అదే. రేపు పొద్దున మాత్ర వేసుకోకముందు, టీ తాగకముందు, ఐదు నిమిషాలు కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని చూపించుకోండి. బరువుతో పాటు దిగిన బీపీ, షుగర్ బరువుతో పాటే ఎక్కుతాయి, మాత్ర మాత్రం తగ్గించిన చోటే ఉండిపోతుంది. మందు ఆపినవాళ్ళందరికీ ఇదే చెబుతాను.

పెద్దనాన్న_65
డాక్టరమ్మ చెప్పింది నిజం. పాత సంగతి ఒకటి చెబుతాను. మా తమ్ముడు సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మాత్ర వేసుకునేవాడు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదమని తేలి 2010లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు, 2011లో మన దేశంలోనూ ఆపేశారు. వాడికి ఉన్నట్టుండి మందు దొరకలేదు. ఏడాది తిరక్కుండానే పాత ప్యాంట్లన్నీ బీరువాలోంచి బయటికొచ్చాయి. వాడు మాటమీద నిలబడే మనిషి, సిగరెట్ ఒక్కరోజులో మానేసినవాడు. అలాంటివాడి వల్ల కూడా కాలేదు.

నేను ఇప్పుడు షుగర్ కోసం ఈ ఇంజెక్షనే వాడుతున్నాను. నీకు దీన్ని ఆపే ఆలోచనే వద్దు అన్నారు మా డాక్టర్. షుగర్ ఉన్నవాళ్ళు, బరువు తగ్గింది కదా అని సొంతంగా ఆపకండి.

జిమ్_బుచ్చి
నేను ఆ ఆరుగురిలో ఒకణ్ణి అక్కా. 104 నుంచి 83కి దిగాను, ఆపి ఏడాది దాటింది, 85 దగ్గర నిలిచాను. వాకింగ్‌తో కాలేదు, బరువులెత్తడం వల్ల అయింది.

ఈ మందులతో తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. స్టెప్-1లో కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గినదాంట్లో మూడో వంతుకు పైనే కొవ్వు కానిది. తిరిగి పెరిగేటప్పుడు అదంతా కండగా తిరిగి రాదు. అందుకని మందు వాడుతుండగానే వ్యాయామం మొదలుపెట్టాలి, ఆకలి లేనప్పుడు అలవాటు కుదురుతుంది. కోపెన్‌హాగెన్‌లో ఇదే కోవకి చెందిన లిరాగ్లూటైడ్ అనే మందు మీద ఒక ట్రయల్ చేశారు. ఏడాది మందుతో పాటు దగ్గరుండి వ్యాయామం చేయించినవాళ్ళు, రెండూ ఆపిన ఏడాది తర్వాత కూడా, మందు ఒక్కటే వాడినవాళ్ళకన్నా తక్కువ పెరిగారు.

జిమ్ ఫీజు అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని చేతులు పట్టుకోకుండా లేవడం, గోడకి పుషప్‌లు, రెండు చేతుల్లో నీళ్ళు నింపిన రెండు లీటర్ల బాటిళ్ళు పట్టుకుని భుజాల పైకి ఎత్తడం. పదిసార్లు తేలిగ్గా అయిపోతుంటే బరువు పెంచాలి, లేకపోతే ఫలితం అక్కడే ఆగిపోతుంది. వారానికి మూడు రోజులు చాలు.

తెనాలి_తార
నాది వేరే కేసు. పీసీఓడీ, పెళ్ళయి నాలుగేళ్ళు. బరువు తగ్గాక పీరియడ్స్ సరిగా వస్తున్నాయి. పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నామని చెబితే సెమాగ్లూటైడ్ ఆపాలన్నారు. ఒకవైపు సంతోషం, ఇంకోవైపు మళ్ళీ పెరిగితే పీరియడ్స్ ఆగిపోతాయేమోనని టెన్షన్. ఇంకో సంగతి, జుట్టు బాగా రాలింది, అది తిరిగి వస్తుందా?

డాక్టరమ్మ_గుంటూరు
తారా, సెమాగ్లూటైడ్‌ని గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి. ఆపాక వచ్చే ఆకలికి భయపడి పస్తులుండకు. ఫోలిక్ యాసిడ్ గురించి మీ గైనకాలజిస్టుని అడుగు. చదువుతున్న మిగతావాళ్ళకి ఒక మాట: టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. ఆ నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి.

జుట్టు వస్తుంది. వేగంగా బరువు తగ్గినప్పుడు అలా రాలడం మామూలే. బరువు నిలకడకి వచ్చాక కొన్ని నెలలకి మళ్ళీ మొలుస్తుంది. ఐరన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకో.

డల్లాస్_దోసె
మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ జనవరి నుంచి బరువు కోసం ఈ మందులకి డబ్బు ఇవ్వడం మానేసింది. షుగర్ ఉంటేనే ఇస్తారట. చేతి డబ్బుతో కొనాలంటే నెల బడ్జెట్ తలకిందులవుతుంది. మా డాక్టర్ మా ఆయనకి ఒకేసారి ఆపకుండా పెద్ద డోసు నుంచి మెట్టుమెట్టుగా దించారు, చివర్లో పది రోజులకోసారి వేయించారు. ఆపాక మూడు కిలోలు పెరిగి ఆగింది. దించడం వల్లే ఆగిందా, మా ఆయన వాలీబాల్ మొదలుపెట్టడం వల్లా అంటే చెప్పలేను. ఇక్కడి తెలుగువాళ్ళు చాలామంది ఇదే చేస్తున్నారు.

ఫార్మసీ_బాబాయ్
మెట్టుమెట్టుగా దించడం డాక్టర్ చేస్తే సరే. మా షాపుకొచ్చే వాళ్ళలో కొందరు ఒక ఇంజెక్షన్ పెన్ను ఇద్దరు పంచుకుంటున్నారు, సూది మార్చాం కదా అంటున్నారు. అలా చేయొద్దు. సూది మార్చినా రక్తం నుంచి వచ్చే ఇన్ఫెక్షన్లు అంటుకునే ప్రమాదం ఉంది.

ఖర్చు సంగతి. 2025 మార్చిలో మౌంజారో (టిర్జెపటైడ్ అమ్మే పేరు) మన దేశానికి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. వారానికొకటి అంటే నెలకి 14,000 నుంచి 17,500. వాణి గారి ఇంట్లో లెక్క తప్పడంలో ఆశ్చర్యం లేదు. సెమాగ్లూటైడ్ పేటెంట్ మాత్రం మన దగ్గర 2026 మార్చితో ముగిసింది, దేశీ కంపెనీల మందుకి దారి తెరుచుకుంది. ఖర్చు వల్ల ఆపినవాళ్ళు ఇప్పుడు ఎంత అవుతుందో మళ్ళీ ఒకసారి కనుక్కోండి.

రాగి_సంకటి
డాక్టరమ్మ గారు రాసింది చదివాను. హార్మోన్ల మాట నాకు కొత్త, ఒప్పుకుంటాను. కానీ మాస్టారి లెక్క ప్రకారం మందు కొనసాగించినవాళ్ళే బాగున్నారంటే, జీవితాంతం కొనుక్కోమని చెబుతున్నట్టేగా? ఇది మామూలు జీతగాళ్ళకి అయ్యే పనేనా?

పెద్దనాన్న_65
బీపీ మాత్ర నేను జీవితాంతం వేసుకుంటున్నాను, నన్నెవరూ ఏమీ అనలేదే.

రాగి_సంకటి
బీపీ మాత్రకి రోజుకి పది రూపాయలు కూడా కాదు పెద్దాయనా. దీనికి వందలు. రెండూ ఒకటి కాదు.

లెక్కల_మాస్టారు
ఈ విషయంలో సంకటి గారితో నేను ఏకీభవిస్తాను. ఊబకాయం దీర్ఘకాలిక జబ్బని, ఈ మందులు ఎక్కువకాలం వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో మార్గదర్శకాలిచ్చింది. ఆ సిఫారసుని కూడా షరతులతోనే ఇచ్చింది. ఖర్చు, అందరికీ అందకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. మందు మంచిదా చెడ్డదా అన్న వాదన దాదాపు తేలిపోయింది. ఎవరి చేతికి అందుతుంది అన్నదే తేలాలి.

కాకినాడ_కాజా
వాదన మీరు కానివ్వండి, నేను వంటింటి సంగతి చెబుతాను. మా అత్తగారు ఇంజెక్షన్ ఆపాక ఆవిడ కంచం నేనే చూసుకుంటున్నాను. ఇప్పటికి రెండు కిలోలే పెరిగారు.

ఇదివరకు కంచంలో హస్తంతో (అన్నం వడ్డించే గరిటెతో) నాలుగు అన్నం, మధ్యలో గుంట చేసి గుంటగరిటెడు పప్పు. ఇప్పుడు ముందు ఒక గిన్నెలో కూర వట్టిదే తింటారు. తర్వాత రెండు గుంటగరిటెల పప్పు ముద్దగా, హస్తంతో ఒకటిన్నర అన్నం. పప్పు పల్చన చేయకూడదు, చారులా పారే పప్పులో పప్పు ఎంత ఉంటుంది చెప్పండి? మాంసకృత్తులు తక్కువైతే కడుపు నిలవదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళు మామూలు మనిషికి కిలోకి 0.83 గ్రాములు చెబుతారు, ఆవిడ డాక్టర్ 1.2 దాకా తినమన్నారు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం అడిగి తినాలి. గుడ్డులో ఆరు గ్రాములు. ఎండు మీల్ మేకర్ యాభై గ్రాముల్లో పాతికకు పైనే. అదే అన్నిటికన్నా చవక. వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గసాలు వేసి వేయిస్తే కీమాలా ఉంటుంది.

టిఫిన్‌కి నాలుగు ఇడ్లీ బదులు రెండు ఇడ్లీ, రెండు గుడ్లు. లేదా ఉప్మా లేని పెసరట్టు.

వాణి గారూ, మీకు సాయంత్రం ఏం తినాలా అన్న ఆలోచనే అన్నారు. మా అత్తగారికీ నాలుగున్నర నుంచి ఆరు దాకా చెడ్డ సమయం. నాలుగుంబావుకే సెనగ గుగ్గిళ్ళు ఒక కప్పు, మజ్జిగ ఒక గ్లాసు ఇచ్చేస్తాను. ఆకలి వచ్చాక ఇస్తే ఆగదు, రాకముందే ఇవ్వాలి.

బొబ్బిలి_బుల్లోడు
ఉప్మా లేని పెసరట్టా! కాజా గారూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను, దీని మీద మాత్రం పంచాయితీ పెట్టాల్సిందే.

డల్లాస్_దోసె
అల్లం పచ్చడి ఉంటే ఉప్మా లేకపోయినా పర్వాలేదు బుల్లోడూ. అల్లం పచ్చడి కూడా లేదంటే అప్పుడు పంచాయితీ పెడదాం.

లెక్కల_మాస్టారు
కాజా గారి పోస్టు దాచుకున్నాను. దానికి ఒకటి కలుపుతాను. అమెరికాలో 1994 నుంచి బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు ఒక రిజిస్ట్రీలో రాస్తున్నారు. అందులో ఎక్కువమంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు, సగటున రోజుకి గంట దాకా ఒళ్ళు కదిలిస్తారు. మందు లేకుండా తగ్గినవాళ్ళే ఎక్కువ కాబట్టి అంతా మనకి వర్తించదు. బరువు చూసుకోవడం మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. ఇన్ని కిలోలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్తాను అని ఆపేరోజే కాయితం మీద రాసి పెట్టుకోవాలి. మూడు కిలోల దగ్గర ఆపడం ఒక ఎత్తు, పదిహేను దగ్గర ఆపడం ఇంకో ఎత్తు.

తెనాలి_తార
నాకు రోజూ బరువు చూస్తే ఏడుపొస్తుంది మాస్టారూ. పీరియడ్స్ ముందు నీరు చేరి కిలోన్నర పెరుగుతుంది. నేను నడుము చుట్టుకొలత చూసుకుంటాను, నెలకోసారి, అదే తేదీన.

డాక్టరమ్మ_గుంటూరు
తార చెప్పింది చక్కటి పద్ధతి. మనవాళ్ళలో కొవ్వు పొట్ట దగ్గరే పేరుకుంటుంది కాబట్టి టేపు చెప్పేది విలువైనదే.

వనస్థలిపురం_వాణి
బీపీ చూపించుకున్నాను. 150/96. ఇంకో రోజు మళ్ళీ చూసినా దాదాపు అంతే. డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడానికి సిగ్గేసింది, పెరిగినందుకు తిడతారేమో అని. ఆయన ఒక్క మాట అనలేదు. బీపీ మాత్ర పాత డోసుకి తెచ్చారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 6.3 వచ్చింది, మందు వాడేటప్పుడు 5.6 ఉండేది. ఇలాగే వదిలేస్తే షుగర్ జబ్బుగా మారుతుందన్నారు.

దేశీ సెమాగ్లూటైడ్ చిన్న డోసుతో మొదలుపెడదామన్నారు. మా బడ్జెట్‌కి పట్టేలా ఉంది. ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెబుతానన్నాను. ఈలోగా కాజా గారి గుగ్గిళ్ళు మొదలుపెట్టాను, నాలుగుంబావు మాట నిజమే. బుచ్చి తమ్ముడు చెప్పిన కుర్చీ వ్యాయామం కూడా. మొదటిరోజు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను.

ఒకటే సందేహం. మళ్ళీ మొదలుపెడితే మా ఆడపడుచు మాట నిజమైనట్టే కదా?

పెద్దనాన్న_65
ఆ అమ్మాయి మాట కోసం నువ్వు షుగర్ తెచ్చుకుంటావా తల్లీ? నీ ఒళ్ళు నీది. 6.3 అన్న కాయితం చూసి తేల్చుకో, గృహప్రవేశంలో ఎవరేమన్నారో చూసి కాదు.

రాగి_సంకటి
సూదుల మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ 150/96 చూశాక, వద్దని నేను చెప్పలేను. మా నాన్నకి పక్షవాతం బీపీ వల్లే వచ్చింది. వేసుకోండక్కా. మొదట్లో నేను అందరినీ కలిపి "నోరు కట్టుకోలేక" అన్న మాటకి మీరు బాధపడి ఉంటే మనసులో పెట్టుకోవద్దు. ఉలవలు కూడా తినండి, గుగ్గిళ్ళకి సెనగలకన్నా రుచి.

జిమ్_బుచ్చి
మొదట్లో తొడలు పట్టేయడం మామూలే అక్కా. ఒకరోజు వదిలి ఒకరోజు చేయండి. ఈసారి మందు, వ్యాయామం రెండూ ఒకేసారి మొదలవుతున్నాయి, అది మీకు కలిసొచ్చే సంగతి. ఆపాల్సి వచ్చేనాటికి కండ సిద్ధంగా ఉంటుంది.

బొబ్బిలి_బుల్లోడు
డాక్టర్ గారూ, నా దగ్గర పాత పెన్ను ఒకటి ఫ్రిజ్‌లో ఉంది, ఆపేటప్పుడు వాడిన పెద్ద డోసుది. వాణి అక్కని చూసి నాకూ మొదలుపెట్టాలనిపిస్తోంది. దాంతోనే మొదలుపెట్టొచ్చా?

డాక్టరమ్మ_గుంటూరు
వద్దు. ఇంత గ్యాప్ వచ్చాక పెద్ద డోసుతో నేరుగా మొదలుపెడితే వాంతులతో ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. కింది డోసు నుంచి మళ్ళీ మెట్లెక్కాల్సిందే. వెళ్ళి చూపించుకోండి, నైట్ షిఫ్ట్ సంగతి కూడా చెప్పండి. వాణి గారికీ ఇదే వర్తిస్తుంది, అందుకే మీ డాక్టర్ చిన్న డోసు అన్నారు. పొట్టలో తీవ్రంగా నొప్పి వచ్చి వీపులోకి పాకితే ఆలస్యం చేయకుండా వెళ్ళాలి.

వనస్థలిపురం_వాణి
మా ఆయన సరే అన్నారు. శుక్రవారం మొదలుపెడుతున్నాను. ఫార్మసీ బాబాయ్ గారూ, మాకు మధ్యాహ్నం కరెంటు పోతూ ఉంటుంది. పెన్ను డీప్ ఫ్రిజ్‌లో పెడితే చల్లగా ఉంటుంది కదా?

ఫార్మసీ_బాబాయ్
డీప్ ఫ్రిజ్‌లో వద్దమ్మా. గడ్డకడితే ఆ పెన్ను పారేయాల్సిందే, కరిగాక కూడా పనికిరాదు. కింద అరలో, వెనక గోడకి ఆనకుండా, డబ్బాలోనే పెట్టండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గంటో రెండు గంటలో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి, చాలు. తెరిచాక ఎన్నాళ్ళు వాడొచ్చో కంపెనీని బట్టి మారుతుంది, డబ్బాలోని కాయితం మీద ఉంటుంది. కొనేటప్పుడు బిల్లు అడగండి, బ్యాచ్ నంబరు బిల్లు మీదా డబ్బా మీదా ఒకటేనో కాదో అక్కడే చూసుకోండి.